పుప్పొడి నుంచి మొక్క: క్రోమోజోముల లెక్క ఎక్కడ తప్పుతుంది?

మస్కట్లో తెల్లవారుజామున అయిదయ్యేసరికి ఇండియాలో ఆరున్నర. ఈ గంటన్నర తేడా మా బావగారికి ఎప్పుడూ గుర్తుండదు. క్రిందటి జనవరిలో ఒక శుక్రవారం, సెలవు రోజు కదా అని ముసుగు తన్ని పడుకుంటే, ఫోను మోగింది.

"ఏమోయ్, క్రోమోజోములు మారిపోవడం అంటే ఏమిటి?"

దెబ్బకి నిద్రమత్తు వదిలిపోయింది. మా బావ మిరప రైతు. నరసరావుపేట దగ్గర పల్లెటూళ్ళో నాలుగెకరాల నల్లరేగడి. ఆ ఏడు హైబ్రిడ్ విత్తనం ఖరీదు పెట్టి కొని, నారు పోసి, నాటి, మందులు కొట్టి కాపు దాకా తీసుకొచ్చాడు. తీరా కాయ దిగాక చూస్తే చేలో తేడా. ఎక్కువ మొక్కలకి కాయ సన్నగా, పొడుగ్గా కిందకి వేలాడుతోంది. మధ్యమధ్యలో కొన్ని మొక్కలకి మాత్రం పొట్టిగా, లావుగా, ఆకాశంలోకి చూస్తోంది. కలగలుపు కాయకి యార్డులో రేటు పడదు. ఏరి వేరు చేయాలంటే కూలి ఖర్చు.

విత్తనాలు అమ్మినాయన్ని అడిగితే, "ఇది లాబ్‌లో పుప్పొడి నుంచి పుట్టించిన రకమండీ. లాబ్‌లో ఒక్కోసారి క్రోమోజోములు మారిపోతాయి. ప్రకృతి! మేమేం చేస్తాం?" అన్నాడట. కొనేటప్పుడు అదే మనిషి, "లాబ్‌లో పుట్టింది, నూటికి నూరుపాళ్ళూ ప్యూర్" అని చెప్పి అమ్మాడట.

"ఆ రెండు మాటల్లో ఏది నిజమో నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పు," అన్నాడు బావ.

నేను ఎంపీసీ వాడిని. ఇంటర్లో బైపీసీ మిత్రులు కప్పల్ని కోస్తుంటే కిటికీలోంచి చూసి పారిపోయిన బాపతు. విదేశం వెళ్ళి మాస్టర్స్ చేసింది కూడా ఇంజనీరింగులోనే. కానీ అక్క మొగుడు అడిగాక చూడనని ఎలా అంటాం? నాలుగైదు వారాంతాలు కూర్చుని చదివాను. బావకి ఫోనులో చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. బైపీసీ వాళ్ళు తప్పులుంటే మన్నించాలి.

నిజ్వా తోటల్లో మొదటి పాఠం

ఒమన్‌లో ఉండేవాళ్ళు చలికాలం చివర్లో నిజ్వా వైపు వెళ్తే ఒక దృశ్యం చూసే ఉంటారు. ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. తోటలో మగచెట్లు ఒకటో రెండో ఉంటాయి. మనిషి చెట్టెక్కి మగపూల రెమ్మలు కోసి తెచ్చి, ఆడచెట్టు పూలగుత్తి మధ్యలో పెట్టి కడతాడు. ఆ రెమ్మల్ని దులిపితే రాలే తెల్లటి పిండే పుప్పొడి.

ఆ పుప్పొడి రేణువులో ఒక తమాషా ఉంది. ఖర్జూరం చెట్టు కణంలో క్రోమోజోములు 36. పుప్పొడిలో 18 మాత్రమే. మిరప మొక్కలో 24 అయితే దాని పుప్పొడిలో 12. మనకి 46 అయితే బీజకణంలో 23. సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వచ్చి కలిస్తే మళ్ళీ పూర్తి లెక్క.

బావకి పేకాట భాషలో చెప్పాను. మిరప మొక్క దగ్గర ఒకటి నుంచి పన్నెండు దాకా ముక్కలున్న సెట్లు రెండు ఉన్నాయనుకోండి. ఎర్రది తల్లి ఇచ్చింది, నల్లది తండ్రి ఇచ్చింది. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఒక్కొక్క నంబరుకీ ఎర్రదో నల్లదో ఒకటే ముక్క వెళ్తుంది. పన్నెండు సార్లు రెండేసి అవకాశాలు, అంటే 4096 రకాల చేతులు. ముక్కల మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా కలిపితే ఇంకా ఎన్నో. ఒకే పువ్వులోని రెండు పుప్పొడి రేణువులు ఒకేలా ఉండవనేది ఇందుకే.

పూర్తి సెట్లు రెండున్న మొక్కని ద్వయస్థితికం, డిప్లాయిడ్ అంటారు. ఒక్క సెట్టే ఉంటే ఏకస్థితికం, హాప్లాయిడ్. ఈ రెండు మాటలూ గుర్తుంటే చాలు, మిగతా కథ సులువు.

ఉమ్మెత్త బయటపెట్టిన రహస్యం

పుప్పొడి పని ఆడపువ్వుని చేరి ఫలదీకరణ చేయడం. ఆ పని మానేసి అది తనే మొక్కగా మొలుస్తుందని ఎవరూ అనుకోలేదు. అది జరిగింది మన దేశంలోనే. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉమ్మెత్త పువ్వులోని పరాగకోశాల్ని, అంటే పుప్పొడి ఉండే సంచుల్ని, గాజు గొట్టాల్లో పోషక పదార్థాల మీద పెంచుతున్నారు. వాళ్ళు చూడాలనుకున్నది కణవిభజనని. కొన్ని వారాలకి సంచులు పగిలి, లోపలినుంచి చిన్న చిన్న పిండాలు బయటికొచ్చాయి. అవి సంచి గోడ నుంచి వచ్చినవి కావు, పుప్పొడి నుంచే వచ్చాయని తరవాత తేలింది. ఆ వార్త నేచర్ పత్రికలో అచ్చయింది.

మనం వినాయకుడి పత్రిలో పెట్టే ఉమ్మెత్త! ఇక్కడ ఒమన్ వాదీల్లో కనపడినప్పుడల్లా పిల్లల్ని ముట్టుకోవద్దని కేకలేస్తాం. ఆ మొక్క ప్రపంచంలో పంటల పెంపకాన్నే ఒక మలుపు తిప్పింది. 1967లో ఫ్రాన్సులో పొగాకు, 1968లో జపానులో వరి ఇదే పద్ధతిలో వచ్చాయి. చైనా వాళ్ళు 1970ల్లో దీన్ని పెద్దఎత్తున అందుకుని వరిలో, గోధుమలో, పొగాకులో రకాలు తీశారు. మన కటక్ వరి పరిశోధన సంస్థ కూడా ఈ దారిలో వరి రకాలు విడుదల చేసింది. మిరపలో 1973లో తొలి ఫలితాలు వచ్చాయి. 1981లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరాగకోశాల్ని ఎనిమిది రోజులు చీకట్లో 35 డిగ్రీల వేడిలో ఉంచితే ఎక్కువ మొక్కలు వస్తున్నాయని చూపించారు. ఆ వేడి దెబ్బకి పుప్పొడి తన అసలు పని మర్చిపోతుందన్నమాట.

ఇంత హడావిడి దేనికి?

ఇక్కడ ఎంపీసీ వాడికి పని పడింది. రెండు మంచి రకాల్ని కలిపి, వాటి పిల్లల్లోంచి స్థిరమైన కొత్త రకం తీయాలనుకుందాం. స్థిరం అంటే ప్రతి నంబరులోనూ రెండు ముక్కలూ ఒకటే అయి ఉండాలి. అప్పుడే విత్తనం వేసిన ప్రతిసారీ అదే మొక్క వస్తుంది. మామూలు పద్ధతిలో మొక్కని దానితో దానికే పరాగసంపర్కం చేయిస్తూ పోవాలి. ఒక్కో తరానికీ అస్థిరత సగానికి పడుతుంది. నూరు కాస్తా 50, 25, 12.5, 6.25, 3.1, 1.6. అంటే ఆరు తరాలు. ఏడాదికి ఒక పంట లెక్కన ఆరేళ్ళు.

పుప్పొడి మొక్కకి ఉన్నది ఒకటే సెట్టు. ఆ సెట్టుని యథాతథంగా రెట్టింపు చేస్తే రెండో సెట్టు అచ్చం మొదటిదే. కాపీ, పేస్ట్! ఆరేళ్ళ పని ఒక్క తరంలో అయిపోయింది. ఇలాంటి మొక్కనే డబుల్డ్ హాప్లాయిడ్ అంటారు.

ఇంకో లాభం. మనకి కావలసిన అయిదు జన్యువులు వేరువేరు క్రోమోజోముల మీద ఉన్నాయనుకోండి. అయిదూ స్థిరంగా ఉన్న మొక్క మామూలు రెండో తరంలో 1024లో ఒకటి దొరుకుతుంది. డబుల్డ్ హాప్లాయిడ్లలో 32లో ఒకటి. వెయ్యి మొక్కలు పెంచడానికి, ముప్ఫై మొక్కలు పెంచడానికి ఉన్న తేడా రైతుకి ఎవరూ చెప్పక్కరలేదు.

విత్తన కంపెనీలకి ఇది దేనికంటే, హైబ్రిడ్ విత్తనం ఒకేలా రావాలంటే దాని తల్లీ తండ్రీ రెండూ స్థిరమైన రకాలై ఉండాలి. ఆ తల్లిదండ్రుల్ని తొందరగా తయారు చేసే యంత్రం ఇది. అయితే ఈ పద్ధతికి బెంగుళూరు మిర్చి లొంగినంతగా మన కారం మిరప లొంగదు. హైబ్రిడ్ అన్నదల్లా ఇలా పుట్టిందేనని అనుకోనక్కరలేదు. ఆరేడు తరాల పాత పద్ధతి ఇంకా బాగానే నడుస్తోంది.

మరి లెక్క ఎక్కడ తప్పుతుంది?

కాపీ, పేస్ట్ అంత సాఫీగా జరిగితే మాకు సాఫ్టువేరులో ఉద్యోగాలే ఉండవు. గాజు గొట్టంలో తేడాలు నిజంగానే వస్తాయి. ముఖ్యమైనవి అయిదు.

ఒకటి, రెట్టింపు కాకపోవడం. మిరపలో కొన్ని మొక్కలు తమంతట తామే రెట్టింపవుతాయి, కొన్ని కావు. కానివాటికి కాల్చిసిన్ అనే మందు పెడతారు. గౌట్ నొప్పికి డాక్టర్లు ఇచ్చే మందే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరో పక్కకీ లాగే దారాల్ని అది తయారు కానివ్వదు. దాంతో రెండు సెట్లూ ఒకే కణంలో ఉండిపోతాయి. రెట్టింపు కాని మొక్కని పోల్చడం తేలిక. ఆకు చిన్నది, పువ్వు చిన్నది, కాయలో గింజ ఉండదు.

రెండు, మరీ ఎక్కువ రెట్టింపు కావడం. పుప్పొడి లోపలి రెండు కేంద్రకాలు కలిసిపోవడం వల్ల, వాటిలో ఒకటి ముందే రెట్టింపై ఉండటం వల్ల, మూడు సెట్లవీ నాలుగు సెట్లవీ పుడతాయి. పుప్పొడి మొక్కల్లో ఇలాంటివి 1970ల్లో ఉమ్మెత్తలోనే బాగా గమనించారు.

మూడు, ఒక్క ముక్క ఎక్కువో తక్కువో కావడం. దీని ప్రభావం తెలిసింది కూడా ఉమ్మెత్త వల్లే. అమెరికాలో బ్లేక్స్‌లీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1922లో ఉమ్మెత్తలో సహజంగా పుట్టిన హాప్లాయిడ్ మొక్క గురించి ప్రకటించారు. పన్నెండు క్రోమోజోముల్లో ఏది ఒకటి అదనంగా ఉన్నా కాయ ఆకారం మారిపోతుందనీ, ఏ క్రోమోజోముకి ఆ ఆకారం వేరనీ వాళ్ళే తేల్చారు. ఇలాంటి మొక్కలు సాధారణంగా నీరసంగా ఉంటాయి, గింజ తక్కువ కడతాయి.

నాలుగు, లెక్క సరిగ్గానే ఉన్నా లోపల మారడం. మన గుంటూరు వాళ్ళకి బాగా తెలిసిన పొగాకునే తీసుకోండి. అప్పటికే స్థిరంగా ఉన్న రకం నుంచి డబుల్డ్ హాప్లాయిడ్లు తీస్తే అన్నీ తల్లిలాగే ఉండాలి కదా. 1976లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో అవి ఒకదానికొకటి తేడాగా, తల్లి కంటే నీరసంగా వచ్చాయి. పొగాకుకి చుట్టమైన ఒక అడవిజాతిలో, ఇలా పుప్పొడి నుంచి మళ్ళీ మళ్ళీ మొక్కలు తీస్తూ పోతే కణంలోని డీఎన్ఏ మొత్తమే పెరుగుతూ వచ్చిందని ఫ్రాన్సులో చూశారు. వరి, గోధుమల్లో ఇంకో బాధ. పచ్చదనం లేని తెల్లమొక్కలు గుంపులుగా పుడతాయి. అలాంటి గోధుమ మొక్కల హరితరేణువుల్లో ఉండే డీఎన్ఏలో పెద్ద పెద్ద ముక్కలే ఎగిరిపోయాయని 1984లో కనిపెట్టారు. మన ఇండికా వరిలో ఈ పద్ధతి జపాను వరిలో సాగినంత తేలిగ్గా సాగకపోవడానికి ఈ తెల్లమొక్కలు కూడా ఒక కారణం.

అయిదోది అన్నిటికన్నా దొంగది. మొక్క పుప్పొడి నుంచి కాకుండా పరాగకోశం గోడ నుంచి మొలవడం. దాని క్రోమోజోములు 24, లెక్క సరిగ్గా ఉంది. కానీ అది తల్లికి నకలు మాత్రమే, స్థిరమైన రకం కాదు. ఫైలు సైజు సరిపోయింది, లోపలి విషయం వేరు.

అందుకే పద్ధతిగా పనిచేసే లాబ్‌లో రకరకాల పరీక్షలు చేస్తారు. వేరు కొసల్లో క్రోమోజోముల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. ఫ్లో సైటోమెట్రీ యంత్రంలో డీఎన్ఏ కొలుస్తారు, అయితే ఒక్క క్రోమోజోము తేడా దాని కన్ను గప్పవచ్చు. డీఎన్ఏ గుర్తుల్ని పోల్చి గోడ మొక్కల్ని ఏరేస్తారు. చివరికి గింజ వేసి, పిల్లలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో పొలంలో చూస్తారు.

ఇక్కడ ఒమన్‌లో బహ్లా దగ్గర జిమాహ్‌లో ప్రభుత్వం వారి ఖర్జూరం టిష్యూ కల్చర్ లాబ్ ఉంది. అక్కడ జరిగేది వేరే పని. మంచి చెట్టు కణజాలం తీసుకుని దానికి నకళ్ళు చేస్తారు, పుప్పొడితో సంబంధం లేదు. కానీ ఆ పద్ధతిలోనూ తేడాలు రావచ్చు. గల్ఫులో టిష్యూ కల్చర్ బర్హీ ఖర్జూరం చెట్లు కొన్ని పొట్టిగా ఉండిపోవడం, పూసినా సరిగ్గా కాయ నిలబడకపోవడం తెలిసిన సంగతే. లాబ్‌లో పుట్టింది కాబట్టి కల్తీ ఉండదన్న మాట ఏ పంటకీ చెల్లదు.

మరి బావ చేలో జరిగిందేమిటి?

ఇంతదాకా చదివి, అమ్మినాయన సాకు నిజమేనేమో అనుకున్నాను. తరవాత ఇంజనీరు బుర్రతో ఆలోచిస్తే కథ అడ్డం తిరిగింది.

లాబ్‌లో తేడా వస్తే అది ఒక మొక్కలో వస్తుంది. ఆ మొక్క తల్లో తండ్రో అయి, దాని నుంచి విత్తనం తయారై, ప్యాకెట్లలోకెక్కి బావ చేతికి రావడానికి మధ్యలో చాలా మెట్లున్నాయి. గింజ కట్టని హాప్లాయిడ్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ముక్క ఎక్కువతక్కువైనవీ నీరసపడి అక్కడే దొరికిపోతాయి. లోపల ఏదైనా మారి స్థిరపడిన తల్లి అయితే, దాని హైబ్రిడ్ పిల్లలన్నీ ఒకే రకంగా తేడాగా ఉంటాయి. చేనంతా ఒకే రకం తప్పు కనపడాలి. అక్కడొకటి ఇక్కడొకటి కాదు.

బావకి రెండు పనులు చెప్పాను. "బావా, ఆ పైకి చూసే కాయలు కొన్ని కోసి గింజ చూడండి. తరవాత ఏరకుండా ఒక సాలు పట్టుకుని వంద మొక్కలు వరసగా లెక్కపెట్టండి."

సాయంత్రానికి ఫోను చేశాడు. గింజ నిండుగా ఉంది. వందలో పాతిక దాకా పైకి చూసేవి ఉన్నాయి.

గింజ నిండుగా ఉందంటే క్రోమోజోముల లెక్క తప్పిన మొక్కలు కావు. ఇక పాతిక. మిరపలో కాయ పైకి చూసే గుణం అణిగి ఉండేది. రెండు ముక్కలూ అవే అయితేనే బయటపడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకటి కిందకి వేలాడేది, ఒకటి పైకి చూసేది అయితే హైబ్రిడ్ మొక్కలన్నీ కిందకి వేలాడేవే. ఆ హైబ్రిడ్ చేలో కాసిన కాయల గింజ తీసి మళ్ళీ వేస్తే, నాలుగింట ఒకటి పైకి చూస్తుంది. మెండెల్ గారి బఠాణీ లెక్క! గోడ మొక్కని పొరపాటున ఒక పక్క తల్లిగా వాడారనుకుంటే, రెండో పక్కది పైకి చూసే రకం అయినప్పుడు సగానికి సగం రావాలి. పాతిక రాకూడదు. అలా వచ్చినా అది ప్రకృతి తప్పు కాదు, పరీక్ష చేయకుండా వాడినవాళ్ళది.

అంటే ఎవరో హైబ్రిడ్ చేలో గింజని ప్యాకెట్లో పోసి హైబ్రిడ్‌గా అమ్మారా? అయి ఉండొచ్చు. కానీ ఈ లెక్క ఒక్కటే రుజువు కాదని బావకి గట్టిగా చెప్పాను. వేరే రకం గింజ ఆ పాళ్ళలో కలిసినా పాతిక రావొచ్చు. తేనెటీగలు పక్క చేలోంచి పుప్పొడి తెచ్చినా మిరపలో తేడాలొస్తాయి. విత్తనాన్ని వేసి పెంచి చూసే పరీక్ష, డీఎన్ఏ పరీక్ష చేస్తేనే తేలుతుంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు. క్రోమోజోములు మారాయన్న మాట ఆ చేనుకి అతకదు.

అమ్మినాయన రెండు మాటలూ తప్పే. లాబ్‌లో పుట్టినంత మాత్రాన ప్యూర్ అయిపోదు. తేడా వచ్చినంత మాత్రాన నేరం లాబ్ మీదా ప్రకృతి మీదా పడదు. మధ్యలో చూడవలసినవాళ్ళు చూశారా అన్నదే అసలు ప్రశ్న.

మనం చేయగలిగింది

లెక్క కాగితం పట్టుకుని బావ దుకాణానికి వెళ్తే, "మీ బావమరిది బైపీసీయా?" అని అడిగాడట. అదృష్టం కొద్దీ అక్క ఖాళీ ప్యాకెట్లు పారేయలేదు, మిరపకాయ వడియాలకి దారాలు కట్టి పెట్టుకుంది. వాటి మీద లాట్ నంబరు ఉంది. బిల్లు మాత్రం లేదు, అప్పు మీద తెచ్చాడు. ఫిర్యాదు ఇచ్చాడు, అది ఇంకా నడుస్తోంది. ఆ ఏడు పంట మాత్రం నష్టానికే అమ్ముకున్నాడు.

మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా చేలున్నాయి, చేసేవాళ్ళున్నారు. ఫోనులో "అంతా బాగేనా" అన్నాక ఈ నాలుగు మాటలు కూడా చెప్పండి. విత్తనానికి బిల్లు తీసుకోమనండి. ప్యాకెట్టు, దాని మీది లేబులు, లాట్ నంబరు పంట చేతికొచ్చేదాకా దాచమనండి. గుప్పెడు గింజ వేయకుండా పక్కన పెట్టమనండి, రేపు పరీక్షకి అదే సాక్ష్యం. చేలో తేడా కనపడగానే, కాయ కోయకముందే, అధికారులకి రాతపూర్వకంగా తెలియజేసి చేను చూపించమనండి. 1966 నాటి విత్తన చట్టం ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్ళొచ్చు అని 2012లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే తేల్చి చెప్పింది.

ఈ ఏడు బావ రెండెకరాల్లో హైబ్రిడ్, రెండెకరాల్లో గుంటూరు లాం ఫారం వాళ్ళ రకం వేశాడు. లాం రకానికి గింజ తనే కట్టుకోవచ్చు, పక్క చేలకి దూరం పాటిస్తే చాలు. హైబ్రిడ్ కొన్నప్పుడు బిల్లు అడిగాడట. "ఇది కూడా లాబ్‌దేనండీ" అన్నాడట దుకాణం ఆయన.

"అయితే పరీక్ష చేసిన కాగితం ఏదీ?" అని అడిగాడట మా బావ.